టికెట్లో మూడున్నర గంటలు, గాల్లో పదహారు

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ ట్రావెల్ పేజీలో బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరం అని ఒక బాక్స్ వేశారు. దాదాపు 14 వేల కిలోమీటర్లు అని రాసి, దాన్ని విమానం స్పీడు 900తో భాగించి పదిహేనున్నర గంటలని తేల్చేశారు. ఏమనుకోకండి గానీ ఐదో క్లాసు లెక్కలా ఉందండి.

2016లో ఎయిరిండియా వాళ్లు ఢిల్లీ - శాన్‌ఫ్రాన్సిస్కో ఫ్లైట్‌ని అట్లాంటిక్ వైపు మానేసి పసిఫిక్ మీదుగా తిప్పారు, దూరం 13,900 నుంచి 15,300 కిలోమీటర్లకి పెరిగింది, అయినా టైమ్ మాత్రం రెండు గంటల దాకా తగ్గింది, ఎందుకంటే అంత ఎత్తులో గాలి పడమర నుంచి తూర్పుకి వెనకనుంచి తోస్తుంది కాబట్టి. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి మొదటి డైరెక్ట్ ఫ్లైట్ వచ్చినప్పుడైతే (పైలట్లందరూ ఆడవాళ్లే) ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. గోడ మీద మ్యాపు చూస్తే ఇదేం చుట్టుదారి అనిపిస్తుంది, గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం లాగి చూడండి, అదే దగ్గర దారి.

ఇదంతా ఎందుకంటే, రెండేళ్ల కిందట వేసవిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న చెల్లి పురిటికి అమ్మని పంపించాం. టికెట్ మీద బయల్దేరేది మధ్యాహ్నం 2.30, దిగేది అదే తారీఖు సాయంత్రం 6. టికెట్ తీసిన ఏజెంటు కూడా అమ్మతో "సాయంత్రానికల్లా అమ్మాయి దగ్గరుంటారు" అన్నాడు, గంటల మాటే ఎత్తలేదు, వేసవిలో అక్కడి టైమ్ మనకంటే పన్నెండున్నర గంటలు వెనక అని చెప్పాలి కదా. అమ్మ మూడున్నర గంటలే అనుకుని షుగరు మాత్రలు, బీపీ మాత్రలు అన్నీ పెద్ద సూట్‌కేసులో ఆవకాయ సీసాల పక్కన సర్దేసింది, చేతి సంచిలో పెట్టుకున్నది రెండు చపాతీలు, ఒక వక్కపొడి డబ్బా. చెక్ఇన్ కౌంటర్ ముందు నేను అడిగితే గానీ బయటపడలేదు, అక్కడే కింద కూర్చుని సూట్‌కేసు తాడు విప్పాం. తప్పు ఆవిడదని నేననను, కాగితం మీద అలాగే ఉంది మరి.

అదీగాక మా మారతహళ్లి నుంచి దేవనహళ్లి ఎయిర్‌పోర్టుకి మధ్యాహ్నం ఫ్లైటంటే పొద్దున్నే బయల్దేరాలి, దారిలో హెబ్బాళ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఇక అంతే. ఆ గంటలు ఏ బాక్స్‌లోనూ ఉండవు.

మీ పేపరు మా వీధిలో పెద్దవాళ్లే ఎక్కువ చదువుతారు, వాళ్లలో సగం మందికి పిల్లలు అమెరికాలోనే ఉన్నారు. ఈసారి ఇలాంటి బాక్స్ వేస్తే కిలోమీటర్లు చిన్న అక్షరాల్లో వేసినా పర్లేదు, గాల్లో ఉండే మొత్తం గంటలు పెద్దగా వేయండి, దిగేసరికి మన ఊళ్లో టైమెంత అవుతుందో పక్కనే రాయండి. వెళ్లడానికి పట్టేది వేరు, రావడానికి పట్టేది వేరు, రెండూ వేయండి.

ఇట్లు
ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు