కవరులో పెట్టి ఇచ్చేస్తున్న బ్యాంకు ఖాతాలు: గుంటూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

డిగ్రీలు చదివి ఊళ్లో ఖాళీగా ఉన్న కుర్రాళ్లను నేరంలోకి దించడానికి ఇప్పుడు కత్తులు అక్కర్లేదు, పాసుపుస్తకం చాలు. సైబర్ మోసగాళ్లకు ఖాతా అద్దెకిచ్చే బేరం గురించే ఈ లేఖ.

మిర్చి యార్డులో సీజనున్నన్నాళ్లు టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే పనైనా దొరుకుతుంది. అది అయ్యాక మధ్యవర్తి దిగుతాడు. చాలాసార్లు పక్క వీధివాడే. "నీ అకౌంట్లో ఎటూ రూపాయి లేదుగా, నెల రోజులివ్వరా" అంటాడు. చేతులు మారేది ఒక కవరు: పాసుపుస్తకం, పిన్ రాసిపెట్టిన ఏటీఎం కార్డు, ఖాతాకు లింకు చేసిన సిమ్. సిమ్ పోయాక ఓటీపీలు అవతలివాడికే వెళ్తాయి, తన ఖాతాలో ఏం నడుస్తుందో కుర్రాడికి తెలియదు.

మోసపోయినవాళ్ల సొమ్ము అందులో పడి, నిమిషాల్లో ముక్కలై వేరే ఖాతాలకు పోతుంది. బాధితుడు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ముందు దొరికేది మనవాడి ఆధార్ వివరాలే. పోలీసుల ముందు హాజరు కమ్మంటూ ఏ రాష్ట్రం నుంచో బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) నోటీసు వస్తుంది. ఐటీ చట్టం 66డి కింద మూడేళ్లు, మోసానికి సంబంధించిన బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 318(4) కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. అంతదాకా ఎందుకు, కేసు పెండింగులో ఉంటే కానిస్టేబుల్ ఉద్యోగం పోలీసు వెరిఫికేషన్ దగ్గరే చిక్కుకుంటుంది.

జాబ్ మేళాలు పెడుతున్నారు, కాదనం. కానీ హైదరాబాదో శ్రీసిటీయో వెళ్లినవాడికి మొదటి జీతం అందేసరికి నెల దాటుతుంది. ఈలోగా హాస్టల్ అడ్వాన్సు, తిండి ఖర్చులు ఎవరిస్తారు? అవి లేక తిరిగొచ్చినవాడే మధ్యవర్తికి తేలిగ్గా దొరుకుతాడు. ఆఫర్ లెటర్ చూపిస్తే తల్లి డ్వాక్రా సంఘం ద్వారా చిన్న అప్పు ఇప్పించండి, మూడో జీతం నుంచి కట్టుకుంటాడు. దీనికి కొత్త పేరూ, ఫ్లెక్సీలూ అక్కర్లేదు.

బ్యాంకర్ల సమావేశంలో ఒక మాట అడగండి: ఖాతా తెరిచిన కొద్ది రోజులకే ఫోన్ నంబరు మారినా, ఖాళీ పొదుపు ఖాతాలో ఒక్కసారిగా లక్షలు కదిలినా, ఖాతాదారుణ్ని బ్రాంచికి పిలిపించి మాట్లాడుతున్నారా?

కవరు ఇప్పటికే ఇచ్చేసినవాళ్లు ఏం చేయాలో గ్రామ, వార్డు సచివాలయాల బోర్డు మీద రాయించండి. ముందు బ్యాంకులో కార్డు, నెట్ బ్యాంకింగ్ ఆపించాలి. అదే రోజు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రసీదు తీసుకుని, స్టేట్‌మెంటుతో సైబర్ క్రైమ్ పోలీసుల దగ్గరికి వెళ్లాలి. భయపడి మధ్యవర్తితో చేసిన చాటింగులు చెరిపేస్తున్నారు. మధ్యవర్తిని పట్టించే ఆధారం చాలాసార్లు అదొక్కటే. తానుగా వచ్చి ఆ చాటింగులున్న ఫోను అప్పగించినవాడి సహకారాన్ని రికార్డులో రాయమని ఎస్పీ గారితో మాట్లాడండి.

ఇట్లు,
బ్యాంకింగు, న్యాయ రంగాల్లో పనిచేస్తున్న కొందరం, గుంటూరు