కొలారెస్ తోటల్ని తిన్నది పురుగు కాదు

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో పోర్చుగల్ వైన్ల మీద వేసిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. లిస్బన్ దగ్గరి వైన్ ప్రాంతం కొలారెస్‌కు అందులో దక్కింది మూడే వాక్యాలు, మూడూ తప్పే. పక్కన వేసిన ఫొటో డౌరో లోయది! పలకలుగా చీలే షిస్ట్ రాతి కొండలు, మెట్లు మెట్లుగా తోటలు ఉండేది అక్కడ. కొలారెస్ ద్రాక్ష పెరిగేది సింత్రా కొండ దాటాక, అట్లాంటిక్ ఒడ్డు ఇసుకలో. లిస్బన్‌లో ఉంటున్నాను కాబట్టి నేను వెళ్లి చూశాను. మీ డెస్కువాళ్లు కనీసం మ్యాప్ అయినా తెరవాల్సింది.

మీ వ్యాసం ప్రకారం ఇసుక నేల పనికిరాక, ఫిలాక్సెరా పురుగు పట్టి కొలారెస్ తోటలు పోయాయట. నిజం దీనికి పూర్తిగా తలకిందులు. 19వ శతాబ్దం రెండో సగంలో ఆ పురుగు యూరప్ అంతటా ద్రాక్ష వేళ్లను తినేస్తుంటే కొలారెస్ బతికి బట్టకట్టిందే ఇసుక వల్ల. వదులు ఇసుకలో ఆ పురుగు మనలేదు. మిగతావాళ్లు ఆ పురుగును తట్టుకునే అమెరికా తీగల వేళ్ల మీద అంట్లు కట్టుకుని గట్టెక్కారు. ఇక్కడి రమిస్కో రకం ద్రాక్ష మాత్రం నేటికీ సొంత వేళ్ల మీదే ఉంది.

అదేమీ తేరగా రాలేదు. తీగను ఇసుక అడుగునున్న బంకమట్టిలో నాటాలి. అందుకు లోతుగా తవ్వే కూలీలు, ఇసుక మీద కూలితే ఊపిరాడాలని తలకు బుట్ట తగిలించుకుని దిగేవారట. సముద్రపు గాలికి తీగ పైకి లేవదు, నేల మీదే పాకుతుంది. గాలికి అడ్డంగా రెల్లు దడులు కడతారు. కాయలు ఇసుక వేడికి మాడిపోకుండా తీగలకు చిన్న పుల్లలు పోటు పెడతారు. రమిస్కో కాయ చిన్నది, తోలు మందం. అందుకే లేత వైన్ నోరు పట్టేసేంత వగరు, పైగా పులుపు. ఏళ్లు ఆగితే గానీ దారికి రాదు. ఆగే ఓపిక కొనేవాళ్లకు లేదు, అమ్మేవాళ్లకు అంతకన్నా లేదు.

మరి తోటలు ఎలా పోయాయి? లిస్బన్ పెరిగింది, బీచ్ పక్కన విల్లాలు లేచాయి. 1908లో హద్దులు గీసి, కొలారెస్ అన్న పేరుకు చట్టరక్షణ ఇచ్చారు. భూమికి ఎవరిచ్చారు? వందల హెక్టార్లు పదుల్లోకి దిగాయి. పక్కనున్న మరో వైన్ ప్రాంతం కర్కవెలోస్‌దీ అదే గతి. కాకపోతే అక్కడ ఒయెరాస్ మున్సిపాలిటీ తానే ద్రాక్ష పండించి వైన్ చేయిస్తోంది. మున్సిపాలిటీ అంటే లేఅవుట్‌కు సంతకం పెట్టే ఆఫీసు అనుకునే మనకు ఇది వింతగానే ఉంటుంది.

హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిళ్లు ఏమయ్యాయో మీ పాత సంచికలు తిరగేస్తే తెలిసేది. వాటినీ ఏ పురుగూ తినలేదు. తోటల మీద కన్నీళ్లు పెట్టుకున్న ఆ వ్యాసం వెనక పేజీ నిండా విల్లాల వెంచర్ ప్రకటన వేశారు. అందులో మాత్రం ఒక్క అచ్చుతప్పు లేదు.

– ఒక పాఠకుడు, లిస్బన్