మా ఫియట్‌ని మళ్ళీ రోడ్డెక్కించిన మేస్త్రి గారికి, దారి చూపించిన మీ అందరికీ

విజయనగరంలో పాత ఫియట్ తెలిసిన మెకానిక్ ఎవరైనా ఉన్నారా అని పోయిన వేసవి నుంచి కనిపించినవాళ్ళనల్లా అడుగుతూ వచ్చాను. మీలో చాలామంది తెలిసినంతలో చెప్పారు. కొందరు ఫోన్ చేసి మరీ చెప్పారు. బండి బాగైంది. మొన్న అమ్మని ఎక్కించుకుని రామతీర్థం వెళ్ళి, దర్శనం చేసుకుని, దారిలో ఎక్కడా ఆగకుండా ఇంటికొచ్చాం. అందరినీ కలిసి చెప్పడం ఎలాగూ కుదరదు కాబట్టి ఇక్కడే చేతులెత్తి దండం పెడుతున్నాను.

బండి సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట. మాది 1968 మోడల్ ఫియట్ 1100 డిలైట్. నాన్నగారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. పుట్టుక ఇటలీలోని టూరిన్‌లో, మనకి తయారై వచ్చింది బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ కంపెనీ నుంచి. ఇంజన్ 1089 సీసీ, గేరు రాడ్ స్టీరింగ్ పక్కన, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. ఇటలీ వాళ్ళు 1969లోనే 1100 మానేశారు. మన దేశంలో మాత్రం అదే బండి తర్వాత ప్రీమియర్ పద్మిని అని పేరు మార్చుకుని దాదాపు 2000 దాకా వచ్చింది. ఇప్పుడు దీన్ని చూసి ముసలి బండి అంటారు గానీ, మద్రాసు దగ్గర షోలవరంలో పాత రన్‌వే మీద కార్ల పందేలు జరిగే రోజుల్లో ఈ ఫియట్లకే మెరుగులు దిద్ది పరిగెత్తించేవారు. బరువు తక్కువ, ఇంజన్ చిన్నదైనా చురుకైనది. నాన్నగారు ఘాట్ రోడ్డు మీద దీన్ని నడుపుతుంటే వెనక సీట్లో కూర్చున్న మాకు అదే పెద్ద రేసు కారు.

జబ్బు ఏమిటంటే, ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయ్యేది. ఊరు దాటి కొంచెం దూరం వెళ్ళి, ఎండెక్కి, ఇంజన్ వేడయ్యాక రెండు మూడు జెర్కులిచ్చి ఆగిపోయేది. అరగంట పక్కన పెడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టయ్యేది. అమ్మకి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆవిణ్ణి ఎండలో రోడ్డు పక్కన నిలబెట్టాల్సి వస్తుందేమోనన్న టెన్షన్‌తో బండి తియ్యడమే మానేశాను.

చూపించిన చోట్లకి కొదవలేదు. ఒక షెడ్డులో బానెట్ ఎత్తి, ఇంజన్ శబ్దం వినీ వినకుండానే "బోరు పోయింది, ఇంజన్ దించాలి" అన్నారు. బోరంటే ఇంజన్ లోపల పిస్టన్ ఆడే గొట్టం, అది అరిగిపోయిందని వాళ్ళ మాట. ఇంకోచోట ఈ ఇంజన్ తీసి పారేసి వేరే కంపెనీ ఇంజన్ వేసేద్దాం, జన్మలో మళ్ళీ గొడవుండదు అన్నారు. మరోచోట పెట్రోలునీ గాలినీ కలిపే కార్బురేటర్ విప్పి, రోజుల తరబడి ఉంచుకుని, అందులో పెట్రోలు వెళ్ళే సన్న రంధ్రాల జెట్లు సూదితో పొడిచి ఇచ్చారు. అప్పటి నుంచి మైలేజీ కూడా పడిపోయింది. ఎవరినీ తిట్టడానికి చెప్పడం లేదు. కంప్యూటర్ తగిలిస్తే తప్పు ఎక్కడుందో చెప్పే బండ్ల మీద పని నేర్చుకున్నవాళ్ళు వాళ్ళు. ఈ బండికి ఆ వైరు తగిలించే చోటే లేదు.

అలాంటప్పుడు మా వీధిలోనే ఉంటున్న, ఆర్టీసీ వర్క్‌షాపులో చేసి రిటైరైన పెద్దాయన ఒకరు గేటు దగ్గర ఆగి, "నువ్వు ఫియట్ అని అడుగుతున్నావట కదా, ఫలానా మేస్త్రి దగ్గరికి వెళ్ళు. బోర్డు ఉండదు, రేకుల షెడ్డు. నా పేరు చెప్పు" అన్నారు. బాబాయ్ గారూ, మొదటి దండం మీకే. ఆ రోజు మీరు గేటు దగ్గర ఆగకపోతే ఈ పాటికి మా బండిలో ఎవరి ఇంజనో ఉండేది.

మేస్త్రి గారు తన పేరు, షెడ్డు ఎక్కడో రాయొద్దన్నారు. "ఉన్న బళ్ళకే చెయ్యి ఆడట్లేదు, ఇంకా వొస్తే ఎవురికీ న్యాయం సెయ్యలేను బాబూ" అన్నారు. ఆ మాటని గౌరవిస్తాను. డెబ్బై దరిదాపుల మనిషి. పని నేర్చుకున్నది సాలూరులో, లారీ షెడ్లలో. సాలూరు లారీల సంగతి మన వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒడిశా కొండలెక్కి రాయపూర్ దాకా పోయే బళ్ళని నిలబెట్టిన చేతులవి. ఘాట్‌లో బండి ఆగిపోతే ఏది దొరికితే దానితో, కారణం కనుక్కుని మరీ కదిలించాల్సిన చోట చిన్నప్పుడే చేరి, తర్వాత విజయనగరం వచ్చి ఫియట్లు, అంబాసిడర్లు చేశారాయన.

మొదటి రోజు ఆయన స్పానర్ పట్టుకోలేదు. స్టూలు మీద కూర్చుని ప్రశ్నలడిగారు. ఎంత దూరం వెళ్ళాక ఆగుతోంది, జెర్కు ఇచ్చి ఆగుతోందా ఠక్కున ఆగుతోందా, ఇంజన్ ఆయిల్ తాగుతోందా, నీలం పొగ వస్తోందా, ఆగినప్పుడు హారన్ మోగుతోందా. అన్నీ విని, నాలుగు ప్లగ్గులూ విప్పి ఒక గుడ్డ మీద వరసగా పేర్చారు. నన్ను యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకోమని, ఒక్కో సిలిండర్‌కీ లోపలి ఒత్తిడి కొలిచే గేజ్ పెట్టి సెల్ఫ్ కొట్టించారు. నాలుగూ దాదాపు ఒకేలా చూపించాయి. ఆ గేజ్ నా చేతికిచ్చి చివరి సిలిండర్ నాతోనే మళ్ళీ చూపించి, "బోరు పోతే ఇలా సూపించదు. ఇంజన్‌కి ఏటీ అవ్వలేదు" అన్నారు. ఇంజన్ దించితే ఆయనకి వేలల్లో వచ్చే పని. ఒక్క గేజ్‌తో ఆ పనే లేదని తేల్చేసిన మనిషి మీద నాకు నమ్మకం కుదరడానికి ఇంకేం కావాలి?

తర్వాత ఆయన చేసింది ఇంతవరకూ ఎవరూ చెయ్యనిది. "ఆగిపోయినప్పుడు సూస్తేనే తెలుస్తాది. పదండి, ఆపుదాం" అని మిట్టమధ్యాహ్నం నా పక్కన కూర్చుని నెల్లిమర్ల రోడ్డెక్కించారు. అనుకున్నట్టే నెల్లిమర్ల పొలిమేరల్లో బండి ఆగింది. ఆయన మొహంలో సంతోషం! చెట్టు నీడలోకి తోశాం. ఒక ప్లగ్గు విప్పి, వైరుకి తగిలించి, ఇంజన్ మీద ఆనించి సెల్ఫ్ కొట్టమన్నారు. నిప్పురవ్వ నీలంగా, చిటచిటమంటూ పడింది. కరెంటు పక్క అనుమానం తీరింది. ప్లగ్గు బిగించి, కాయిల్ వైరు పీకి దూరంగా కట్టేశారు, పెట్రోలు దగ్గర నిప్పురవ్వ పడకుండా. అప్పుడు కార్బురేటర్‌కి వెళ్ళే పైపు ఊడదీసి దాని మూతి ఒక గాజు సీసాలో పెట్టి మళ్ళీ సెల్ఫ్ కొట్టించారు. పెట్రోలు ధారగా చిమ్మాల్సింది, బుడగలు బుడగలుగా, సగం గాలితో కారింది. "సూసేరా? దీనికి దాహం, మనవేమో గుండె జబ్బు అనుకున్నాం" అన్నారు.

షెడ్డుకి తిరిగొచ్చాక పంపు విప్పారు. ఈ బండికి కరెంటు పంపు కాదు, ఇంజన్ పక్కనే బిగించి ఉండే పంపు. ఇంజన్ లోపల తిరిగే క్యామ్ అనే ముక్క ఒక లివర్‌ని తోస్తుంటే, పంపు లోపల డయాఫ్రం అనే పలచని పొర కిందికీ పైకీ ఆడుతూ ట్యాంకులోంచి పెట్రోలు లాగుతుంది. మా డయాఫ్రం ఎండిన అప్పడంలా బిగుసుకుపోయి, అంచున చీలి ఉంది. వెనక ట్యాంకు నుంచి వచ్చే పైపుని పంపుకి కలిపే రబ్బరు ముక్క వంచి చూపిస్తే సన్నని పగుళ్ళు. పెట్రోలు బయటికి కారదు కాబట్టి మనకి కనపడదు, లోపలికి మాత్రం గాలి పీలుస్తుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. 1968 నాటి రబ్బరు దాన్ని తట్టుకునేలా చేసింది కాదు, పైగా ఇథనాల్ తేమని కూడా లాగుతుంది. బండిని నెలల తరబడి ట్యాంకు నిండా పెట్రోలుతో కదపకుండా ఉంచొద్దని ఆయన గట్టిగా చెప్పారు. పాత బళ్ళున్నవాళ్ళందరూ ఈ ఒక్కటీ గుర్తు పెట్టుకోండి.

అసలు కారణం మాత్రం ఇంకోటి. పంపుకీ ఇంజన్‌కీ మధ్య బేకలైట్ (వేడిని తట్టుకునే గట్టి ప్లాస్టిక్) దిమ్మ ఒకటి ఉండాలి. ఇంజన్ వేడి పంపుకి ఎక్కకుండా అడ్డం పడేది అదే. మా బండిలో అది లేదు! ఎప్పుడో ఎవరో తీసేసి రెండు కాగితం గ్యాస్కెట్లతో బిగించేశారు. దానితో రెండు నష్టాలు. వేడి నేరుగా పంపుకెక్కి పెట్రోలు లోపలే ఆవిరైపోతోంది. పంపు ఇంజన్‌కి ఆ దిమ్మ మందాన దగ్గరగా జరిగిపోయింది కాబట్టి క్యామ్ లివర్‌ని ఉండాల్సిన దానికంటే ఎక్కువ తోస్తోంది, డయాఫ్రం సాగి సాగి చిరిగింది. అంటే కొత్త డయాఫ్రం ఒక్కటే వేసి పంపించినా కొన్నాళ్ళకి మళ్ళీ ఇదే కథ. మేస్త్రి గారు వేలితో ఆ ఖాళీ చూపిస్తూ ఇదంతా వివరిస్తుంటే, ఇన్నాళ్ళూ ఇంతమంది చూసిన చోటే ఇది ఉందా అని నాకు నోట మాట రాలేదు.

ఆ దిమ్మ ఎక్కడా దొరకలేదు. ఇక్కడే రెండో పెద్ద దండం, లేత్ మిషన్ షాపు తమ్ముడికి. మేస్త్రి గారు వేరే ఫియట్‌లోంచి నమూనా తీసుకొచ్చి ఇస్తే, బేకలైట్ షీటు తెప్పించి, మందం వెర్నియర్‌తో చూసుకుంటూ కోసి, రంధ్రాలు వేసి ఇచ్చాడు. మొదటిది కాస్త పలచనైందని తనే పక్కన పడేసి రెండోది చేశాడు. నేను అడగలేదు, అడగాలని నాకు తెలియను కూడా తెలియదు. డయాఫ్రం కిట్టూ, కార్బురేటర్ జెట్లూ చెన్నై పుదుపేటలో వెతికి పంపిన మా పెద్దమ్మ కొడుక్కి, బస్సులో జాగ్రత్తగా అందించిన డ్రైవర్ అన్నకి కూడా కృతజ్ఞతలు. బ్రేకు రబ్బర్లు, గ్రీజు పనులు ఆ ఊపులోనే అయిపోయాయి.

ఇంజన్ మార్చకపోవడం వల్ల ఇంకో మేలు జరిగిందని తర్వాత తెలిసింది. కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన సొంత బళ్ళని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కానీ బండి అసలు రూపంలో ఉండాలి, చాసీ, బాడీ, ఇంజన్ మార్చి ఉండకూడదు. మేము ఆ రిజిస్ట్రేషన్‌కి వెళ్తామో లేదో గానీ, అర్హతైతే మిగిలింది.

బిల్లు క్యాలెండర్ కాగితం వెనక రాసిచ్చారు. ఏ సామానుకి ఎంత, లేత్‌కి ఎంత, తన కూలి ఎంత, అన్నీ విడివిడిగా. తీసేసిన పాత సామాన్లన్నీ కవర్లో కట్టి ఇచ్చారు. కూలి దగ్గర రాసిన అంకె చూసి ఇంకొంచెం ఉంచండి అంటే, "సేసిన పనికి తీసుకున్నాను కదా" అని నోట్లు వెనక్కిచ్చారు. అమ్మ షెడ్డుకి వస్తానని పట్టుబడితే తీసుకెళ్ళాను. చీర పెట్టె అడుగున దాచుకున్న నాన్నగారి పాత డ్రైవింగ్ గ్లవ్స్ తీసి "బాబూ, ఇవి నీ దగ్గరుంటే ఆయన సంతోషిస్తారు" అని ఇచ్చింది. డబ్బు వెనక్కిచ్చిన మనిషి వాటిని మాత్రం రెండు చేతులా అందుకున్నారు. "అమ్మా, మొదటి గేరు మాత్రం బండి పూర్తిగా ఆగినాకే ఎయ్యమని మీ అబ్బాయికి సెప్పండి, దానికి సింక్రో లేదు" అని నా మీద ఫిర్యాదు కూడా చేశారు. సింక్రో అంటే బండి కదులుతుండగా కూడా గేరు గరగరలాడకుండా పడేలా చూసే ఏర్పాటు. చెప్పింది, అలాగే వేస్తున్నాను.

మేస్త్రి గారూ, మీ దగ్గర పని నేర్చుకుంటున్న ఇద్దరు పిల్లల్ని చూశాను. ప్రతి పనీ ఎందుకు చేస్తున్నారో వాళ్ళకి చెబుతూ చేశారు మీరు. ఆ పిల్లలు కూడా ఇంజన్ దించే ముందు గేజ్ అందుకుంటారు.

చివరగా అందరికీ ఒక మనవి. విజయనగరం, శ్రీకాకుళం, బొబ్బిలి, పార్వతీపురం వైపు ఎవరి పెరట్లోనైనా, అటక మీదైనా పాత ఫియట్ సామాన్లు పడి ఉంటే, తుప్పు పట్టినవైనా సరే, ఇనప సామాన్ల వాడికి వేసే ముందు నాకు ఒక్క మాట చెప్పండి. నమూనాకైనా పనికొస్తాయని మేస్త్రి గారు అడిగారు. ముఖ్యంగా పంపులు, డిస్ట్రిబ్యూటర్లు, డోర్ హ్యాండిళ్ళు. వెల ఎంతో చెబితే ఇచ్చి, నేనే వచ్చి తీసుకెళ్ళి ఆయన షెడ్డులో అందజేస్తాను.