దీపావళికి ఇస్తానన్న కమాడోల గురించి

అందరికీ నమస్కారం.

దీపావళిలోపు కమాడోలు (మూత ఉన్న సిరామిక్ బొగ్గుపొయ్యిలు) అందిస్తానని చెప్పి ఐదుగురి దగ్గర తలా 150 డాలర్ల అడ్వాన్సు తీసుకున్నాను. ఆ ఐదు కమాడోల్లో పండుగకు ఒక్కటీ రాదు. రెండు మాత్రం నవంబరు మూడో వారానికి, థ్యాంక్స్‌గివింగ్‌కు ముందు సిద్ధమవుతాయి. మిగిలిన మూడింటిని అసలు అమ్మను. అడ్వాన్సు ఇచ్చినవారికి ఫోను చేసి చెప్పాను. అయినా అందరికీ రాయడానికి కారణం ఇంకొకటి ఉంది. ఈ ఏడాది నేను అమ్మినవాటిలో మూడింటిని వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్కోదానికి మీరు ఇచ్చిన 520 డాలర్లూ పూర్తిగా తిరిగి ఇస్తాను.

నా గురించి ఇటీవలే విన్నవారికి రెండు మాటలు. అట్లాంటాకు ఉత్తరాన, ఫోర్సైత్ కౌంటీలో, మా గరాజులో పాత కమాడోలను కొని బాగుచేసి అమ్ముతాను. జపాన్‌లో పొయ్యిని కమాడో అంటారు. అన్నం వండుకోవడానికి అక్కడ ముషికమాడో అనే మూత ఉన్న గుండ్రటి మట్టిపొయ్యి ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ పనిచేసి వచ్చిన అమెరికా సైనికులు వాటిని వెంట తెచ్చుకున్నారు. 1974లో ఎడ్ ఫిషర్ అనే ఆయన మన అట్లాంటాలోనే కమాడోలు అమ్మే బిగ్ గ్రీన్ ఎగ్ దుకాణం తెరిచారు. మొదట్లో మట్టివి తొందరగా పగిలిపోయేవి. తర్వాత వేడిని బాగా తట్టుకునే సిరామిక్ వచ్చింది. ఇక్కడ ఇళ్లు ఖాళీ చేసేవారి సామాన్లలో పాత కమాడోలు తరచూ కనిపిస్తుంటాయి. కొత్తది పెద్ద సైజుది కొనాలంటే వెయ్యి డాలర్లు దాటుతుంది కాబట్టి మనవాళ్లు పాతదాని కోసం నన్ను అడుగుతుంటారు. కుండలో తేగలు పేర్చి తంపటి వేసిన ఇంటివారికి దీని పద్ధతి వేరుగా చెప్పనక్కర్లేదు. మూసిన కుండ, లోపల నిప్పు, కొలిచి వదిలిన గాలి. ఇక్కడ తేగలు దొరకవు గానీ జార్జియా చిలగడదుంపలు ఇందులో పెడితే ఆ వాసనే వస్తుంది.

ఇక జరిగింది చెబుతాను.

సెప్టెంబరులో ఒక శనివారం రాత్రి ఒక అక్క ఫోను చేశారు. ఏప్రిల్‌లో నా దగ్గర కమాడో కొన్నారు. ఆ రోజు నాన్‌లు కాల్చడానికి 600 డిగ్రీల (ఫారన్‌హీట్) దాకా మంట పెంచారట. భోజనాలయ్యాక డెక్ (ఇంటిని ఆనుకుని ఉండే అరుగు) మీద లైటు ఆర్పితే, ఆ చీకట్లో కమాడో కింది భాగంలో, గాలి తలుపు మూల నుంచి పైకి సన్నటి ఎర్రని గీత కనిపించింది. "ఏమ్మా, ఇది ఇలాగే ఉంటుందా?" అని అడిగారు. కింది తలుపు, పైన గాలి పోయే కన్నం మీది ఇనుప మూత రెండూ మూసేయమని చెప్పాను. ఆమె అప్పటికే మూసేశారు. ఏమీ కాలలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అది చెక్క డెక్. దాని పక్క గదిలోనే పిల్లలు పడుకుంటారు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి చూశాను. ఆ గీత నాకు తెలిసినదే. కొన్నప్పుడే అక్కడ పగులు ఉంది. కొలిమి సిమెంటుతో పూడ్చి, ఆరబెట్టి, రెండుసార్లు మంట పెట్టి చూసి అమ్మాను. "చిన్న పగులు ఉండేది, పూడ్చాను, ఫర్వాలేదు" అని ఆమెతో చెప్పాను కూడా. ఇప్పుడు ఆ సిమెంటును గోటితో గీకితే పొడిగా రాలింది. పగులు ఉందన్నది నిజమే. ఫర్వాలేదు అని చెప్పేంత పరీక్ష మాత్రం నేను చేయలేదు. రెండు మంటలతో తేలే విషయం కాదది. ఆమెకు క్షమాపణ చెప్పి, అప్పుడే బండిలోకి ఎక్కించుకుని వచ్చాను. అదే విధంగా పూడ్చి అమ్మినవి ఇంకా రెండు ఉన్నాయి. ఆ రెండు ఇళ్లవారికీ అదే రోజు ఫోను చేసి, ఇక నిప్పు వేయవద్దని చెప్పాను.

పూడ్చిన పగులు ఎందుకు నిలవదో ఈ నెల రోజుల్లో నాకు బాగా అర్థమైంది. నిప్పు పెట్టినప్పుడు సిరామిక్ లోపలివైపు ముందు వేడెక్కి సాగుతుంది. బయటివైపు ఇంకా చల్లగానే ఉండి, ఆ సాగడాన్ని పట్టి ఆపుతుంది. ఆ లాగుడు ఎక్కువగా పడేది గాలి తలుపు కోసిన మూలల దగ్గరే. గోడల్లో కిటికీ మూలల నుంచి బీటలు బయలుదేరడం మీరు చూసే ఉంటారు. పూడ్చిన సిమెంటు ఆ సిరామిక్‌తో సమానంగా సాగదు. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా అంచు వదులుతుంది. లోపల బొగ్గులు నిలిచే తొట్టి, అంటే ఫైర్‌బాక్స్ పగిలితే అంత భయం లేదు. దాని చుట్టూ అడుగుభాగం ఉంటుంది, పైగా తొట్టిని విడిగా కొని మార్చుకోవచ్చు. అడుగుభాగమే విడిపోతే నిప్పులకూ డెక్‌కూ మధ్య అడ్డు ఉండదు. కొత్త అడుగుభాగం విడిగా దొరుకుతుంది గానీ, దాని ధర కలిపితే పాతది కొనడంలో మీకు లాభం మిగలదు. తయారీదారు వారంటీ కూడా మొదట కొన్నవారికే వర్తిస్తుంది. నా దగ్గర కొన్నవారికి ఆ రక్షణ లేదు. అమ్మేముందు ఇది స్పష్టంగా చెప్పాల్సింది. కొందరికి చెప్పాను, కొందరికి చెప్పలేదు. ఇకమీదట రసీదు మీదే రాసి ఇస్తాను.

ఇక అడుగుభాగంలో పగులు ఉన్నది ఎంత చవకగా వచ్చినా కొనను, అమ్మను.

దీపావళి కోసం జూన్ నుంచి ఐదు కమాడోలు కొన్నాను. ఆ ఫోను వచ్చాక ఐదింటినీ పూర్తిగా విప్పి మొదటి నుంచీ చూశాను. మా అమ్మమ్మ కుండ కొనేటప్పుడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో తట్టేది. మంచి కుండ ఖంగుమంటుంది, బీట ఉన్నది బొంగురుగా పలుకుతుంది. కమాడోకూ అదే పరీక్ష. కానీ నేను ఇన్నాళ్లూ కొన్నచోటే, లోపల తొట్టి ఉండగానే, ఇనుప పట్టీలు బిగించి ఉండగానే తట్టి చూసేదాన్ని. అప్పుడు ఏ కుండయినా బొంగురుగానే పలుకుతుంది. వానలో తడిసినదైతే మరీ. ఇప్పుడు అన్నీ విప్పి, రెండు వారాలు నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టి, ఆ తర్వాత తడుతున్నాను. దానితోపాటు తడిగుడ్డతో లోపలంతా తుడిచి గమనిస్తాను. చుట్టూ ఆరిపోయాక కూడా పగులు ఉన్నచోట నీరు నిలిచి నల్లని గీతగా కాసేపు ఉండిపోతుంది.

ఐదింటిలో రెండు ఈ దశలోనే ఆగిపోయాయి. మూడోది తట్టుడులోనూ తడిగుడ్డలోనూ నిలబడింది. దాని మీద నాకు చాలా ఆశ ఉండేది. బయటి ఆకుపచ్చ గ్లేజు పూత కొత్తదానిలా మెరుస్తోంది. ఇప్పుడు రెండుకు బదులు మూడు మంటలు వేస్తున్నాను. మొదటి రోజు 225 డిగ్రీల దగ్గర రెండు గంటలు, మర్నాడు 350, మూడో రోజు 600. సిరామిక్‌లో మిగిలిన తడి ఒక్కసారిగా ఆవిరైతే దాన్ని పగలగొడుతుంది కాబట్టి మొదటి మంట చిన్నదిగా ఉండి తీరాలి. ప్రతి మంట తర్వాత పూర్తిగా చల్లారనిచ్చి మళ్లీ తడిగుడ్డ. మూడో మంట తర్వాత దాని అడుగున జానెడు పొడవున నల్లని గీత కనిపించింది. నేను, మా వారు చాలాసేపు టార్చిలైటు పెట్టి చూశాం. గ్లేజు మీది గీతేమో అనుకుందామని మనసు లాగింది. లోపల గ్లేజు ఉండదు. అది పగులే.

ఆ మూడింటి మూతలు, తొట్టెలు, పట్టీలు బాగున్నాయి. సరిపోయే సైజువారికి విడిభాగాలుగా ఇస్తాను. అడుగుభాగాలను మాత్రం సుత్తితో పగలగొట్టాను. పగలగొట్టకపోతే ఎప్పుడో ఒకరోజు ఎవరికో ఇవ్వాలనిపిస్తుంది. ఆ ముక్కలు మా కరివేపాకు కుండీల అడుగున నీరు దిగడానికి వేశాను.

మిగిలిన రెండింటి సంగతి సంతోషంగా చెబుతాను, ఎందుకంటే అవి నిజంగా మంచి కుండలు. ఒకటి ఎన్ని ఏళ్లు ఆరుబయట పడి ఉందో, పై ఇనుప మూత పక్కకు పడిపోయి, లోపలికి వాన నీరు దిగి, బూడిద ముద్దలా గట్టిపడింది. జాలీ మీద బూజు తెల్లగా పరుచుకుంది. సబ్బు తగలనివ్వలేదు. లోపలి సిరామిక్ పీల్చుకుంటుంది, పీల్చుకున్నది తర్వాత మీ కోడిలోకి వస్తుంది. గీకి, పొడి బ్రష్‌తో తోమి, మిగిలింది మంటకే వదిలాను. 600 డిగ్రీల దగ్గర బూజు, పాత కొవ్వు కాలి బూడిదై రాలిపోయాయి.

మూత విప్పడం ఇద్దరి పని. దాన్ని ఎత్తేయగానే స్ప్రింగులున్న కీలు ఒక్కసారిగా విచ్చుకుని చేతికి తగులుతుంది. అందుకే ముందే తాడుతో కట్టేస్తాం. మీలో ఎవరైనా ఇంట్లో సొంతంగా పట్టీలు మార్చాలనుకుంటే ఈ ఒక్కటి మరచిపోవద్దు. పట్టీల నట్లు తుప్పుపట్టి కదలకపోతే నూనె వేసి రాత్రంతా వదిలి, పొద్దున పానాతో తిప్పాం. రెండు కోసేసి కొత్తవి వేయాల్సి వచ్చింది. ఇనుప మూతను నీళ్లు కలిపిన వెనిగర్‌లో నానబెట్టి, తీగ బ్రష్‌తో తోమి, కడిగి ఆరబెట్టి, దోసె పెనానికి చేసినట్టే నూనె రాసి కాల్చాను.

ఎక్కువ సమయం తిన్నది అంచుకు అంటించే ఫెల్ట్ పట్టీ. పాతది కాలి రాయిలా అతుక్కుపోయింది. ఒక్కో అంచు గీకడానికే ఒక సాయంత్రం పట్టింది. తర్వాత అసిటోన్‌తో తుడిచి, ఆరాక, సాగదీయకుండా కొత్త పట్టీ అంటించి, మూత మూసి ఒక రోజంతా నిప్పు లేకుండా ఉంచాలి. తొందరపడితే జిగురు వదిలేస్తుంది. అంటించాక డాలరు నోటును అంచుల మధ్య పెట్టి మూత వేసి లాగి చూస్తాను. చుట్టూ ఎక్కడ లాగినా నోటు బిగువుగా రావాలి. ఒకదానికి వెనకవైపు నోటు జారిపోతోంది. మూతను ఇనుప పట్టీలో వెంట్రుకవాసి ముందుకు జరిపి బిగించడానికి నాలుగుసార్లు విప్పాం. ఆ జాగాలో గాలి దూరితే మీరు కింది తలుపు మూసినా నిప్పు ఆరదు. చివరిగా థర్మామీటరును మరిగే నీటిలో పెట్టి సరిచేశాను. పుస్తకాల్లో 212 అని ఉంటుంది. మనం సముద్రమట్టానికి వెయ్యి అడుగుల పైన ఉన్నాం కాబట్టి 210 దగ్గర చూపాలి.

ఈ రెండూ మొదట అడ్వాన్సు ఇచ్చిన ఇద్దరికి వెళ్తాయి. మిగిలిన ముగ్గురికీ అడ్వాన్సు ఈ శుక్రవారంలోపు తిరిగి పంపుతాను. వసంతకాలం దాకా ఆగుతామన్నా సరే, డబ్బు ముందు మీ దగ్గరికి చేరుతుంది. కుండ చేతికొచ్చి, మూడు మంటలు దాటాకే మళ్లీ అడుగుతాను. ధర 520 నుంచి 590 అవుతుంది. ఒక్కోదానికి ఇప్పుడు దాదాపు నెల పడుతోంది, కొన్నవాటిలో సగం పోతున్నాయి. ఇదివరకే అడ్వాన్సు ఇచ్చినవారికి పాత ధరే.

వెనక్కి తీసుకుంటున్న మూడింటికి అయ్యే 1,560 డాలర్లు నా దగ్గర ఉన్నాయి. అక్కకు అప్పుడే ఇచ్చేశాను. మిగిలిన ఇద్దరికీ నేను వచ్చి కమాడో తీసుకునేటప్పుడే చేతికి ఇస్తాను.

ఇదివరకు నా దగ్గర కొన్న మిగతావారి అడుగుభాగాల్లో పూడ్చిన పగుళ్లేమీ లేవు. నా పుస్తకంలో ఒక్కోదాని ఫోటోలు ఉన్నాయి, అన్నీ మళ్లీ చూశాను. అయినా ఒకసారి చూసుకోండి. గ్లేజు మీద సాలెగూడులా సన్నని గీతలు ఉంటే అవి పూతవి మాత్రమే, గోరు ఆనించి లాగితే తగలవు. గోరు పట్టుకునే గీత గాలి తలుపు మూల నుంచి బయలుదేరి ఉంటే వాడటం ఆపి నాకు ఫోటో పంపండి. కమాడోను చెక్క బల్ల మీద నేరుగా పెట్టినవారు కింద సిమెంటు పలక, దాని పైన కమాడోకు కాళ్లు తప్పకుండా పెట్టండి. పలక కావాలంటే నేను తెస్తాను. బాగా వేడిగా ఉన్నప్పుడు మూతను ఒక్కసారిగా ఎత్తవద్దు. రెండు అంగుళాలు తెరిచి, కొన్ని క్షణాలు ఆగి ఎత్తండి, లేకపోతే మంట మొహం మీదికి వస్తుంది. నిప్పు ఆర్పడానికి నీళ్లు పోయవద్దు, అంటించడానికి కిరోసిన్ లాంటివి పోయవద్దు.

వెనక్కి ఇవ్వాల్సిన ఇద్దరి ఇళ్లకూ ఈ శనివారం పొద్దున పదింటికి నేను, మా వారు బండి తీసుకుని వస్తాం. ఒక్కోటి 160 పౌండ్ల పైనే ఉంటుంది, మీరు ఎత్తే ప్రయత్నం చేయకండి. బూడిద కూడా అలాగే ఉండనివ్వండి, మేమే తీసుకెళ్తాం.