కేబుల్ గోడ దాకా వచ్చింది, ప్రయోగశాల దాకా రాలేదు

సంపాదకులకు,

అయ్యా,

చెన్నై తీరానికి చేరే సముద్రగర్భ కేబుళ్ల గురించి గత వారం మీరు వేసిన వార్త చదివినప్పటి నుంచి మనసు కుదుటగా లేదు. వార్తలో తప్పేమీ లేదు. 2002లోనే సింగపూర్ నుంచి 3,200 కిలోమీటర్ల కేబుల్ సముద్రం అడుగున మన ఊరికి వచ్చింది. ఆ తర్వాత మరికొన్ని వచ్చాయి. నలభై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్న తెలుగువాడిగా నాకూ అది గర్వమే. కానీ ఇదే ఊళ్లో ఒక కళాశాలలో జీవశాస్త్ర పరిశోధన చేస్తున్న మా అన్నయ్య గారి అమ్మాయి, డేటా కోసం ప్రతి శనివారం హార్డ్ డిస్కు సంచిలో వేసుకుని, రెండు రైళ్లు ఎక్కి తరమణిలోని స్నేహితురాలి దగ్గరకు వెళుతోంది.

ఆమెకు కావలసిన జన్యుక్రమాలు ఇంగ్లండ్‌లోని యూరోపియన్ బయోఇన్ఫర్మేటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో అందరికీ ఉచితంగా దొరుకుతాయి. ఒక్క మనిషి జన్యుక్రమం ముడి రూపంలో 100 జీబీ దాకా ఉంటుంది. సెకనుకు ఒక గిగాబిట్ వేగం పూర్తిగా అందితే అది పావుగంటలోపు వస్తుంది. పది మెగాబిట్లయితే దాదాపు 22 గంటలు, అదీ మధ్యలో కరెంటు పోకుండా ఉంటే. ఆమె ప్రయోగశాలలో పది కూడా నిలకడగా రాదు.

డబ్బు లేదని సర్దుకుందామంటే అదీ కాదు. పరిశోధన, విద్యా సంస్థలను కలపడానికే కేంద్ర ప్రభుత్వం 2010 మార్చిలో 5,990 కోట్ల రూపాయలతో నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌ను ఆమోదించింది. 1,500కు పైగా సంస్థలు దాని లక్ష్యం. యూరప్‌లో జెయాంట్, అమెరికాలో ఇంటర్నెట్2 ఇలాంటివే. మామూలు ఇంటర్నెట్ రద్దీలో చిక్కుకోకుండా పెద్ద పెద్ద డేటా దేశాలు దాటడానికి కట్టుకున్న దారులివి. జెనీవా దగ్గరున్న కణ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్‌లో జరిగే ప్రయోగాల డేటాను 40కి పైగా దేశాల్లోని సుమారు 170 కేంద్రాలు పంచుకుంటున్నాయంటే, వాటిలో ముంబయి, కోల్‌కతా కూడా ఉన్నాయంటే, ఆ దారుల వల్లే. భౌతికశాస్త్రం చెప్పినవాణ్ని కనుక ఈ మాట ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అమ్మాయి చదివే చోటికి కూడా నాలెడ్జ్ నెట్‌వర్క్ ఫైబర్ కేబుల్ వచ్చింది. నేనే వెళ్లి చూశాను. కార్యాలయం వెనుక ఒక గదిలో పరికరం వెలుగుతూనే ఉంది, గదికి తాళం. అక్కడి నుంచి ప్రయోగశాల మూడు వందల మీటర్లు కూడా ఉండదు. ఆ మధ్యనున్న కేబుళ్లు, స్విచ్చులు ఎప్పుడో పాతబడిపోయాయి. మార్చే ఖర్చు ఎవరిదన్న ఫైలు రెండేళ్లుగా కళాశాలకూ పైకార్యాలయానికీ మధ్య తిరుగుతోంది. నెట్‌వర్కు చూసుకునే ఉద్యోగి పదవీ విరమణ చేశాక ఆ ఖాళీ నింపలేదు. అడిగితే, లైను ఇచ్చేశాం కదా అని ఒకరు, లోపలి పని మాది కాదని ఇంకొకరు!

అన్నిచోట్లా ఇదే తంతు. భవనానికి ప్రారంభోత్సవం జరుగుతుంది, శిలాఫలకం మీద పేర్లు పడతాయి, నిర్వహణకు మాత్రం పద్దు ఉండదు. మా రోజుల్లో ప్రయోగశాల సహాయకుడు సెలవు పెడితే ప్రిన్సిపాలే వచ్చి అడిగేవారు. ఇప్పుడు ఆ పోస్టులే ఖాళీ. గ్రంథాలయాల్లో పత్రికల చందాలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. కంప్యూటర్ కొన్న సంవత్సరం ఉన్న ఉత్సాహం దానికి బ్యాటరీ మార్చే సంవత్సరం ఎవరికీ ఉండదు.

మన దేశంలో ఇంటర్నెట్ సామాన్యులకు అందింది 1995 ఆగస్టు 15న. అంతకు ఎన్నో ఏళ్ల ముందే, 1986లో, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో విద్యా, పరిశోధన సంస్థలను కలిపే ఎర్నెట్ అనే కంప్యూటర్ నెట్‌వర్క్ మొదలైంది. టెలిఫోన్ లైన్ల మీద ఈ-మెయిల్ పంపుకున్న ఆ తొలి సంస్థల్లో మన ఐఐటీ మద్రాసు ఉంది, బెంగళూరు ఐఐఎస్‌సీ ఉంది. అప్పట్లో ఊరందరికంటే ముందున్నది విద్యార్థులూ ఆచార్యులూ. ఈ రోజు అదే ఊళ్లో ఒక పరిశోధక విద్యార్థిని తన స్టైపెండుతో మొబైల్ డేటా కొనుక్కుంటోంది. ఇది నాకు మింగుడుపడటం లేదు.

ఎన్ని సంస్థలకు లైను ఇచ్చారన్న లెక్క మాకు వద్దు. ప్రతి సంస్థలో ఆ లైను ఎన్ని ప్రయోగశాలల బల్లల దాకా వెళ్లింది, అక్కడ కొలిస్తే ఎంత వేగం వస్తోంది, ఈ రెండూ ఉన్నత విద్యాశాఖ అధికారులు బయటపెట్టాలి. లోపలి కేబుళ్ల ఖర్చు ఎవరు భరించాలో ఒక ఉత్తర్వుతో తేల్చాలి. మా అమ్మాయి సిద్ధాంత వ్యాసం సమర్పించాల్సిన గడువు వచ్చే జూన్. కనీసం ఆ లోపు ఆ గది తాళం తీయించండి.

విశ్రాంత అధ్యాపకుడు,
పెరంబూరు, చెన్నై