నీలం అట్ట పుస్తకం కొన్నవాళ్లు ఒకసారి షాపుకి రండి, 31వ పేజీ తప్పు

ముందు అసలు విషయం చెప్పేస్తాను. జనవరిలో మన జిరాక్స్ షాపులో నీలం అట్ట పుస్తకం కొన్నవాళ్లు దాన్ని తీసుకుని ఒకసారి రండి. 31వ పేజీ తప్పు. 44వ పేజీలో ఊరి పేరు తప్పు. హెడ్డింగులైతే సగానికి సగం తప్పు. పైసా తీసుకోకుండా మార్చి ఇస్తాను. అక్కర్లేదనుకుంటే మీ 80 రూపాయలు మీకు ఇచ్చేస్తాను.

ఆ పుస్తకం ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మంత్రి పదవి లేని ఎంపీలు, అదే వెనక బెంచీల్లో కూర్చునేవాళ్లు, మన శ్రీకాకుళం, విజయనగరం వైపు సంగతుల మీద పార్లమెంటులో అడిగిన ప్రశ్నలు, వాటికి ప్రభుత్వం ఇచ్చిన జవాబులు అందులో ఉంటాయి. చదువు, వైద్యం, కరెంటు, ఈ మూడే తీసుకున్నాం. అన్నీ పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికేవే, కాకపోతే ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటాయి. గ్రూప్-2కి చదువుతున్న మా మేనల్లుడు తెలుగు చేశాడు, నేను టైపు చేసి అచ్చేశాను. 72 పేజీలు, టూ సైడ్, స్పైరల్. రెండు వందల పైచిలుకు అమ్ముడుపోయాయి. ఆధార్ జిరాక్సులు, హాల్ టికెట్లు తప్ప మన షాపులో ఏదైనా అంతలా కదలడం అదే మొదటిసారి. కాస్త ఎగిరాను కూడా, ఒప్పుకుంటాను.

హెడ్డింగులు పెట్టింది నేనే. మేనల్లుడి తప్పు ఏమీ లేదు. వాడు ‘కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రంపై ప్రశ్న’ అని చప్పగా రాసిస్తే, అలా అయితే ఎవడు కొంటాడురా అని దాన్ని కొట్టేసి ‘కొవ్వాడకు కేంద్రం అనుమతి: మన ఎంపీ సాధించిన ఘనత’ అని పెట్టాను. 31వ పేజీ అదే. కొవ్వాడ అంటే మన జిల్లాలో రణస్థలం వైపు, ఆ ప్లాంటు కట్టాలని అనుకున్న ఊరు.

వారం తిరక్కుండా రణస్థలం వైపు నుంచి ఒక పెద్దాయన బస్సు దిగి నేరుగా షాపుకొచ్చాడు. చేతిలో పుస్తకం లేదు, ఆ ఒక్క పేజీ ఫోటో ఫోనులో ఉంది. ఎవరో పంపారట. ‘ఏటి బాబూ, పనులు మొదలెట్టేస్తున్నారా? మమ్మల్ని ఎప్పుడు లెగమంటారు?’ అని అడిగాడు. రాత్రి ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదట. నాకు గొంతు తడారిపోయింది. అప్పుడు ఆ జవాబు కాగితాన్ని మళ్లీ తీసి, వేలు పెట్టి ఒక్కో మాటా చదివాను. అందులో ఉన్నది ‘ఇన్ ప్రిన్సిపల్ అప్రూవల్’. అంటే సూత్రప్రాయ ఆమోదం. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చిందని కబురు పంపినట్టు అన్నమాట. కట్నాలు, ముహూర్తం, పందిరి, అవన్నీ వేరే. ఖర్చుకి ఆమోదం, పనులు మొదలుపెట్టే ఉత్తర్వు వస్తేనే తట్టా పారా కదిలేది.

పైగా ఆ ఆమోదం కొత్తదేమీ కాదు. స్థలానికి సూత్రప్రాయ ఆమోదం 2009 నాటిది. 2016లో గుజరాత్‌లోని మీఠీ విర్ది నుంచి వెస్టింగ్‌హౌస్ అనే అమెరికా కంపెనీ రియాక్టర్లను ఇటు మార్చారు. లెక్క 1,208 మెగావాట్లవి ఆరు, మొత్తం 7,248 మెగావాట్లు. 2017 మార్చిలో ఆ కంపెనీయే అమెరికాలో దివాలా పిటిషన్ వేసుకుంది. ఇన్నేళ్లుగా ఏ ఎంపీ అడిగినా ఆ సూత్రప్రాయం మాటే జవాబుల్లో తిరుగుతోంది. నేనేమో దాన్ని నిన్న మొన్న వచ్చిన విజయంలా అమ్మాను.

కరెంటు ప్లాంటు అంటే మన జిల్లాలో తేలిగ్గా అనేసే మాట కూడా కాదు. సోంపేటలో 2010 జులై 14న, కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరిలో థర్మల్ ప్లాంట్ల గొడవల్లో పోలీసు కాల్పులు జరిగి మనుషులు పోయారు. ఈ జిల్లాలో పుట్టి, ఆ పేపర్ కటింగులు వందల కాపీలు తీసిన నేను ఆ హెడ్డింగు పెట్టడం ఏంటి?

44వ పేజీ సంగతి. కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం రెల్లిలో వస్తుందని అచ్చేశాను. అది పాత జవాబు చూసి రాసింది. 2014 విభజన చట్టం 13వ షెడ్యూల్లో ఇచ్చిన మాట అది, దానికి చట్టం అయింది 2019లో. మొదట కొత్తవలస మండలం రెల్లి అన్నారు, తర్వాత మెంటాడ, దత్తిరాజేరు మండలాల వైపు మార్చారు. 2023 ఆగస్టులో శంకుస్థాపన కూడా అక్కడే జరిగింది. విజయనగరం నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, ‘అంకుల్, నేను ఆ యూనివర్సిటీలోనే చదువుతున్నాను, మా యూనివర్సిటీ ఎక్కడుందో మీ పుస్తకానికి తెలీదు’ అంది. ఆ అమ్మాయి ఈసారి వచ్చినప్పుడు ప్రాజెక్టు రికార్డు బైండింగు ఫ్రీ అని చెప్పాను. ఇక్కడ కూడా రాస్తున్నాను కాబట్టి మాట తప్పలేను.

ఇంకో రకం తప్పు ఉంది, ఇది ఎవరూ పట్టుకోలేదు, నేనే చెబుతున్నాను. ఒకే విషయం మీద నలుగురైదుగురు ఎంపీలు ప్రశ్న పంపితే వాటిని కలిపేసి, అందరి పేర్లూ వరసగా వేసి ఒకే జవాబు ఇస్తారు. నేను ఆ వరసలోంచి మనవాళ్ల పేరు ఒక్కటే ఉంచి మిగతావి కోసేశాను. పేజీ నిండిపోతుందని నాకు నేను చెప్పుకున్నాను గానీ, మనవాడొక్కడే అడిగినట్టు ఉంటే బాగా పోతుందన్నదే అసలు లెక్క. కొత్త పేజీల్లో అన్ని పేర్లూ ఉంటాయి.

చాలామంది అడిగిన ప్రశ్న ఒకటుంది: ఇప్పటి శ్రీకాకుళం ఎంపీ పేరు మీద కొత్త ప్రశ్నలు లేవేం, కావాలని తీసేశావా? తీయలేదండీ. కింజరాపు రామ్మోహన్ నాయుడు 2024 జూన్ నుంచి పౌర విమానయాన మంత్రి. మంత్రులు ప్రశ్నలు అడగరు, జవాబులు చెబుతారు. మంత్రి అయ్యాక ఎవరి ఖాతాలోనైనా అక్కడ సున్నాయే కనిపిస్తుంది. ఇదే ప్రశ్న అవతలి పార్టీ వాళ్లు నవ్వుతూ అడిగారు, ఇవతలి పార్టీ వాళ్లు కోపంగా అడిగారు. ఇద్దరికీ ఇదే సమాధానం.

పార్టీల మాట వచ్చింది కాబట్టి అది కూడా చెప్పేస్తాను. ఒక పార్టీ వాళ్లు వచ్చి అట్ట మీద తమ నాయకుడి ఫోటో వేసి 500 కాపీలు కావాలన్నారు. ‘ఘనత’ హెడ్డింగులు వాళ్లకి తెగ నచ్చాయి. అడ్వాన్సు తీసుకున్నాను. నాలుగు రోజులు గల్లాలో పెట్టుకున్నాను కూడా. పెద్దాయన వచ్చి వెళ్లిన సాయంత్రం తిరిగి ఇచ్చేశాను. ఆ డబ్బు ఉంటే మెషీన్‌కి కొత్త డ్రమ్ము వచ్చేది. కాపీల మీద పక్కన నల్లటి గీత పడుతోందని మీరు అంటున్నారు కదా, ఆ డ్రమ్మే.

ఇంత తప్పు పుస్తకం ఎందుకు పూర్తిగా ఆపలేదని మా ఆవిడ అడిగింది. ఆపకపోవడానికి కారణం కవిటి నుంచి వచ్చే ఒక కుర్రాడు. వాళ్ల నాన్నకి డయాలసిస్. కిడ్నీ జబ్బులతో అల్లాడే మన ఉద్దానం సంగతి మీకు చెప్పాలా, పెన్షను కాగితాలకో ఆసుపత్రికో ఆ ఫైలు జిరాక్స్ తీయించని నెల ఉండదు. ఫైలు అంచులు మెత్తబడిపోయి ఫీడర్‌లో పెడితే నలిగిపోతాయి, అందుకని ఒక్కో కాగితం గ్లాసు మీద పరిచి తీస్తాను. తీస్తున్నంతసేపూ ఆ కుర్రాడు బల్ల మీద పుస్తకం తీసి చదివాడు. కిడ్నీ జబ్బు మీద జవాబు దగ్గర ఆగాడు. అలాంటి జవాబుల్లో దాదాపు ప్రతిదాంట్లో ఒక వాక్యం ఉంటుంది: ‘ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోని అంశం.’ దాని కింద పెన్నుతో గీత గీసి, ‘అంటే మేము ఎవర్ని అడగాలో ఇందులో రాసున్నట్టే కదా అన్నా’ అన్నాడు. నేను ఇన్నాళ్లూ ఆ వాక్యాన్ని తప్పించుకునే మాటగానే చూశాను. వాడు అడ్రసులా చదివాడు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచింది రాష్ట్ర ప్రభుత్వమే. డయాలసిస్‌కి 2016లో మొదలైన జాతీయ కార్యక్రమం మాత్రం కేంద్రానిది. ఏ ప్రశ్న ఎవరికి వెళ్లాలో వాడికి అక్కడ నిలబడే తేలిపోయింది. అలా వాడుకునేవాళ్లు ఉన్నప్పుడు పుస్తకం ఆపడం దేనికి, హెడ్డింగులు మారిస్తే చాలనిపించింది.

కొత్త పేజీల్లో ఇంకో రెండు విషయాలు కలిపాం. ప్రశ్న పంపడం అంటే చిన్న పని కాదని మొదట్లోనే రాశాం. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ తర్వాత మన చీటీ పాటలో తీసినట్టే డ్రా తీస్తారు. లోక్‌సభలో రోజుకి సభలో నోటితో జవాబు చెప్పాల్సిన నక్షత్ర గుర్తు ప్రశ్నలు 20, కాగితం మీద జవాబిచ్చేవి 230. మన పుస్తకంలో ఉన్నవి ఎక్కువగా ఈ రెండో రకమే, అంటే ఎవరూ లేచి గర్జించలేదు, కాగితం వెళ్లింది, కాగితం వచ్చింది. ఏదైనా సమస్యని సభ దృష్టికి తేవడానికి లోక్‌సభ 377వ నిబంధన కింద ఎంపీ ఇచ్చే ప్రస్తావన అయితే 250 మాటలు దాటకూడదు. మన షాపులో టైపింగుకి ఒక పేజీ, అంతే. ఉద్దానాన్ని ఒక్క పేజీలో చెప్పమంటే నాకైతే చేతకాదు.

రెండోది నాకు చాలా నచ్చింది. జవాబులో మంత్రి ‘పరిశీలనలో ఉంది’, ‘వివరాలు సేకరించి సభ ముందు ఉంచుతాం’ లాంటి మాట అంటే అది హామీ కింద లెక్క. ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంది, అది ఈ హామీల పద్దు రాసుకుని మూడు నెలల్లో తేల్చమంటుంది. తేల్చలేకపోతే గడువు పెంచమని అడగాల్సిందే. అప్పు పుస్తకం లాంటిదన్నమాట. ఆ మాటలు వచ్చిన చోటల్లా పక్కన చిన్న చుక్క పెట్టాం. చదువు మీద జవాబుల్లో చుక్కలు ఎక్కువే కనిపిస్తాయి మీకు.

ఇక మామూలు షాపు కబుర్లు. జిరాక్స్ ధర అదే. స్పైరల్ బైండింగు 5 రూపాయలు పెంచక తప్పడం లేదు. కరెంటు బిల్లు చూపించి ‘ఇది కూడా ఎంపీనే అడుగు’ అని ఎవరో ఎగతాళి చేశారు. యూనిట్ రేటు తేల్చేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి, ఢిల్లీ కాదు. తిత్లీ తుఫానుకి రోజుల తరబడి కరెంటు లేక షట్టరు దించుకున్నప్పటి నుంచి ఇన్వర్టర్ మీద రెండు గంటలు లాగుతున్నాను, అంతకు మించి అది మోయదు. కాబట్టి పెద్ద ఆర్డర్లు పొద్దున్నే తెచ్చేయండి.

పుస్తకం మార్పిడికి మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య రండి, అప్పుడు రద్దీ ఉండదు. స్పైరల్ కొస మడత కత్తిరించి తిప్పితే బయటికొచ్చేస్తుంది, మీరు నిలబడి ఉండగానే కొత్త పేజీలు పెట్టి మళ్లీ ఎక్కించేస్తాను. పెన్ను గీతలున్న పేజీలు పారేయను, వాటిని వెనక కలిపి కుట్టిస్తాను. 31వ పేజీని ఫోటో తీసి ఎవరికైనా పంపి ఉంటే మాత్రం, దయచేసి కొత్త పేజీ ఫోటో కూడా వాళ్లకి పంపండి. రణస్థలం పెద్దాయనకి నేను నిన్ననే పంపాను.