పిల్లల బరువు మందు మోతాదుకేనా?

సంపాదకులకు,

అయ్యా,

జ్వరమొచ్చిన బిడ్డను ఆసుపత్రికి తీసుకెళితే ముందుగా బరువు చూస్తారు. ఆ అంకెను చీటీ మూలన రాసి, దాన్నిబట్టి పారాసెటమాల్ సిరప్ ఎన్ని మిల్లీలీటర్లు పట్టాలో లెక్కకడతారు. అక్కడితో దాని పని తీరిపోతుంది. బిడ్డ వయసుకూ ఎత్తుకూ తగ్గ బరువున్నాడా, పోయినసారి కంటే పెరిగాడా అన్నది చెప్పేవారు అరుదు. తల్లీబిడ్డల రక్షణ కార్డులో టీకాల పేజీ తేదీలతో నిండి ఉంటుంది గానీ, ఎదుగుదల గీతల పేజీ చాలాసార్లు ఖాళీగానే కనిపిస్తుంది.

బరువొక్కటే చూస్తే మోసపోతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెలువరించిన ప్రమాణాల ప్రకారం నాలుగేళ్ల మగపిల్లవాడు సుమారు 16 కిలోలు, 103 సెంటీమీటర్లు ఉండటం సాధారణం. అదే 16 కిలోల పిల్లవాడి ఎత్తు 91 సెంటీమీటర్లే అయితే వాడు ఎత్తు ఎదగలేదు, పైగా ఆ ఎత్తుకు బరువు ఎక్కువైంది. తూకం యంత్రం మాత్రం అంతా సవ్యమేనంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం అని తేలిన తరువాత కూడా ఎత్తు కొలవకుండా పంపేయడాన్ని చిన్న లోపంగా భావించలేం.

నెలనెలా పిల్లలను తూచి పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో నమోదు చేస్తున్నది అంగన్‌వాడీ టీచర్లు. దిష్టి తగులుతుందని తూకానికి ఒప్పుకోని అమ్మమ్మలకు నచ్చజెప్పేదీ వారే. అయితే వారు చెప్పిన మాటనే డాక్టరు కూడా చెబితే తప్ప చాలా ఇళ్లలో దానికి విలువ ఉండదు. డాక్టరేమో "కాస్త చిక్కాడు, టానిక్ రాస్తాను" అని ముగిస్తారు. బడి వయసు పిల్లల విషయంలో ఇంకో ఇబ్బంది. ఐదు నుంచి 18 ఏళ్ల వారికి భారతీయ శిశువైద్యుల సంఘం 2015లో సవరించిన పట్టికలు ఉన్నా వాటిని తెరవకుండానే, నలుగురి ఎదుట "ఏం తింటున్నావురా ఇంత లావయ్యావు" అనేవారున్నారు. ఆ మాట పడ్డ పిల్లవాడు మళ్లీ తూకం ఎక్కడానికి ఇష్టపడడు. చెప్పదలచింది తల్లిదండ్రులకు విడిగా చెప్పడం మర్యాద, ప్రయోజనకరం కూడా.

పిల్లల ఓపీలన్నిటిలో ఎత్తు కొలిచే బల్ల ఉంచడం, ఓపీ చీటీ వెనుక ఎదుగుదల గీతలు అచ్చువేయించడం పెద్ద ఖర్చేమీ కాదు. రద్దీలో డాక్టరుకు తీరిక లేకపోతే బిడ్డ కొలతలను ఆ గీతల మీద చుక్కగా పెట్టే పని నర్సుకు అప్పగించవచ్చు. ఆ చుక్క అర్థమేమిటో తల్లికి వివరించే బాధ్యత మాత్రం డాక్టరే తీసుకునేలా రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలు ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తెనాలి